స్పితి యాత్రకు అప్పు చేయాలా, డిపాజిట్ రద్దు చేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నెలకు 62,000 రూపాయల జీతం చేతికి వస్తుంది. నా భార్య, ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి, 68 ఏళ్ల మా అమ్మతో కలిసి వచ్చే మే నెలాఖరున హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్లాలనుకుంటున్నాం. సిమ్లా మీదుగా వెళ్లి మనాలి మీదుగా తిరిగి రావడానికి రైలు చార్జీలతో కలిపి 1,60,000 అవుతుందని, ఇప్పుడే మొత్తం కడితే పది శాతం తగ్గిస్తానని ఏజెంటు అంటున్నారు. నెలకు 14,000 మిగల్చగలను, ఏప్రిల్‌లో 40,000 బోనస్ వస్తుంది, 3,00,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. బ్యాంకు 14 శాతం వడ్డీకి రెండేళ్ల వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: రుణమూ వద్దు, డిపాజిట్ జోలికీ వెళ్లవద్దు. ప్రయాణాన్నే వచ్చే దసరా సెలవులకు జరపండి. ఇది డబ్బు సర్దుబాటు కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు, మీ ఏజెంటు వేసిన దారికీ మే నెలకూ పొత్తు సరిగా కుదరదు. మనాలి వైపు దారిలో 4,500 మీటర్లకు పైన ఉన్న కుంజుం కనుమ చలికాలమంతా మంచుతో మూసుకుపోయి, సాధారణంగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుచుకుంటుంది. మన పాఠశాలలేమో జూన్ రెండో వారంలో మొదలవుతాయి. మీరు స్పితిలోని ప్రధాన పట్టణం కాజా చేరేసరికి కనుమ తెరవకపోతే, వచ్చిన దారినే కిన్నౌర్ మీదుగా సిమ్లాకు 400 కిలోమీటర్లకు పైగా వెనక్కి రావాలి. అప్పుడు అదనపు రోజులకు టాక్సీ కిరాయి కట్టాలి, దారిలో గదులు వెతుక్కోవాలి, మనాలిలో ఇచ్చిన అడ్వాన్సును వదులుకోవాలి. ఈ ఖర్చు 1,60,000 లెక్కలో ఎక్కడా లేదు.

స్పితిలో ఖర్చును పెంచేది రోజుల సంఖ్య. ఇద్దరు ఎక్కినా నలుగురు ఎక్కినా టాక్సీ కిరాయి ఒకటే. కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుంటే బండి కదలకపోయినా డ్రైవరుకు రోజువారీ డబ్బు ఇవ్వాల్సి రావచ్చు. అందుకే అసలు ఖర్చుకు మరో ఇరవై శాతం, అంటే 32,000, ఆగిపోయిన రోజుల కోసం పక్కన పెట్టమంటాను. అప్పుడు మీకు కావలసింది 1,92,000. ఇప్పటి నుంచి మే వరకు ఏడు నెలలు పొదుపు చేస్తే 98,000, బోనస్‌తో 1,38,000 అవుతుంది, అది ఏజెంటు చెప్పిన మొత్తానికే చాలదు. అదే పదకొండు నెలలైతే 1,54,000, బోనస్‌తో 1,94,000. బ్యాంకులో ఆరున్నర శాతం వడ్డీకి రికరింగ్ డిపాజిట్ వేస్తే మరో అయిదు వేల దాకా కలుస్తుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ అయిదేళ్ల పథకం కాబట్టి దీనికి పనికిరాదు. ఏడాదిలోపు కావలసిన డబ్బును షేర్ మార్కెట్ ఫండ్లలో పెట్టమని ఎవరు చెప్పినా వినకండి.

రుణం సంగతి చూద్దాం. 1,60,000కు 14 శాతం చొప్పున రెండేళ్లపాటు నెలకు సుమారు 7,680 కట్టాలి, అందులో వడ్డీ 24,000 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఏజెంటు ఇస్తానన్న పది శాతం, అంటే 16,000, ఈ వడ్డీకి కూడా సరిపోదు. రుణం లేకపోయినా ఆ తగ్గింపు నాకు నచ్చలేదు, ఎందుకంటే డబ్బంతా ముందే కట్టాక తేదీ మార్చడానికీ, ప్రయాణాన్ని కుదించడానికీ మీ చేతిలో ఏ పట్టూ ఉండదు. ఇక ఆ 3,00,000 మీ అయిదు నెలల జీతం కూడా కాదు. ఉద్యోగం పోయినా, అమ్మగారికి ఆసుపత్రి అవసరం వచ్చినా మీకున్న ఆధారం అదొక్కటే.

అమ్మగారి విషయం అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. కాజా సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి ఆసుపత్రి చిన్నది, పెద్ద వైద్యం కావాలంటే రోజంతా కొండదారిలో ప్రయాణించాలి. కాబట్టి ఆమెను చూసే వైద్యుడు సరేనన్న తర్వాతే ఎవరికైనా అడ్వాన్సు ఇవ్వండి. ఆ తర్వాత కూడా బుకింగ్‌ను రెండు ముక్కలు చేయమని నా సలహా. సిమ్లా నుంచి కిన్నౌర్‌లోని కల్పా వరకు ఒకటి, అక్కడి నుంచి నాకో, తాబో, కాజా వరకు మరొకటి, రెండోది చివరి వారంలో రద్దు చేసుకున్నా డబ్బు తిరిగి వచ్చే షరతుతో. కల్పా ఎత్తు మూడు వేల మీటర్లకు కాస్త తక్కువ. అక్కడ రెండు రాత్రులు ఉండి, ఎత్తు వల్ల ఆమెకు తలనొప్పి, ఆయాసం ఉంటే అక్కడితో ఆగిపోవచ్చు. కిన్నర్ కైలాస్ శిఖరం కళ్లెదుట కనిపించే ఆ ఊళ్లో ఆగినంత మాత్రాన ప్రయాణం వృథా అయిందని ఎవరూ అనుకోరు. తిరుగు ప్రయాణం కూడా ఈ దారినే పెట్టుకోండి. దసరా ఆలస్యంగా వచ్చిన ఏడాది కుంజుంపై అప్పటికే మంచు పడవచ్చు.

టాక్సీ మాట్లాడేటప్పుడు బండి ఆగిన రోజుకు ఎంత, డ్రైవరు భోజనం, బస ఎవరివి అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రయాణ బీమా తీసుకుంటే అమ్మగారి పాత జబ్బులన్నీ దరఖాస్తులో రాయండి, పాలసీలో ఎత్తుకు పరిమితి ఉందేమో చదవండి. కాజాలో ఏటీఎం ఉన్నా దాన్నే నమ్ముకోకూడదు, సిగ్నల్ లేని ఊళ్లలో యూపీఐ పనిచేయదు, కాబట్టి కల్పాకు దిగువనున్న రికాంగ్ పియో పట్టణం దాటకముందే ముప్పై వేల దాకా నగదు, అందులో చిన్న నోట్లు ఎక్కువగా, దగ్గర ఉంచుకోవాలి. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి కాబట్టి కాజీపేట నుంచి ఢిల్లీకి, కాల్కాకు రానుపోను చార్జీల సొమ్ము ఆ నాటికి పొదుపు ఖాతాలో సిద్ధంగా ఉండాలి.

మీ జీతంలో సెలవు ప్రయాణ భత్యం ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే, 2026 నుంచి 2029 వరకు ఉన్న నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు మినహాయింపు దొరుకుతుంది. అది చార్జీలకే వర్తిస్తుంది, గదులకూ భోజనాలకూ వర్తించదు. కాజా వరకు హిమాచల్ ఆర్టీసీ బస్సులు నడుస్తాయి కాబట్టి, మీరు టాక్సీకి ఎంత ఇచ్చినా ఆ దారిలో మినహాయింపు బస్సు చార్జీ మేరకే ఉంటుంది. ఏజెంటు ద్వారానే వెళ్లేట్టయితే రైలు చార్జీలను విడిగా చూపించిన బిల్లు అడిగి తీసుకోండి.