పాత బోటు మోటారు వణుకుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది మైలవరం రిజర్వాయర్ పక్కన ఊరు. మామయ్య కాలం నాటి రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటారు ఉంది. రెండేళ్లు మూలన పడేసి ఇప్పుడు తీస్తే స్టార్టయితే అవుతోంది గానీ ఒకటే వణుకు, స్లో చేస్తే ఆగిపోతోంది, చోక్ సగం లాగితే మాత్రం కాస్త బాగా నడుస్తోంది. మెకానిక్ కొత్తది కొనుక్కోమంటున్నాడు.

జవాబు: కొనకండి, తొందరేం లేదు! జబ్బు మీరే చెప్పేశారు. చోక్ లాగితే కుదురుకుంటోందంటే ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదని, అంటే రెండేళ్ల నాటి పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్ జెట్‌లో, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో, అడ్డుపడి ఉంటుంది. దాన్ని విప్పి కార్బ్ క్లీనర్ కొట్టండి, పాత పెట్రోలు పారబోయండి, పెట్రోలు పైపులు కూడా మార్చండి, ఎందుకంటే ఇప్పటి బంకు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుకు అది పడదు.

అయినా వణికితే, మోటారు నీళ్లలో ఉండగానే ఆపి, ఒక ప్లగ్ వైరు తీసి బాడీకి ఎర్త్ చేసి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. తర్వాత రెండోది. ఏ వైరు తీసినప్పుడు శబ్దంలో తేడా రాదో ఆ సిలిండర్ పనిచేయడం లేదన్నమాట. ముందు ప్లగ్ మార్చండి, తర్వాత పాయింట్లు (స్పార్క్ ఎప్పుడు రావాలో చూసే కాంటాక్టులు), కాయిల్ (స్పార్క్‌కు వోల్టేజీ పెంచేది) చూడండి, చివరికి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి సరిగా వస్తోందో లేదో.

ఒక్క మాట, ఇంటి ముందు నీళ్లు లేకుండా మాత్రం తిప్పకండి, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు రెక్కలు నిమిషంలో కాలిపోతాయి. మా తమ్ముడు ఆ పని చేసి నెల రోజులు తిట్లు తిన్నాడు.