విశాఖ బురుజుపేట ఇంటికి గడ్డపార వేసే ముందు

చిరంజీవి అమ్మడికి,

అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బురుజుపేట ఇల్లు అమ్మే ఆలోచన మానుకున్నారని, దాన్నే బాగుచేయించుకుని పిల్లలతో వచ్చేస్తున్నారని చెప్పింది. మధురవాడలో లిఫ్టున్న ఫ్లాటు వదిలి ఆ సందులోకి వస్తానన్నావంటే ముందు నమ్మలేదు. తర్వాత గర్వంగా అనిపించింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నిద్ర పట్టకపోవడానికి కారణాలు కాగితం మీద పెడుతున్నాను. ఫోన్లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అంటావు, ఒక్కటీ చెవికెక్కదు.

"ఇరుకిల్లు వదినా, గాలీ వెలుతురూ లేవు, గోడలన్నీ తీసేసి పెద్ద హాలు చేస్తారట" అంది మీ అమ్మ. మీ అమ్మ కాపురానికి వచ్చేటప్పటికే అది ఇరుకిల్లు. నేను పుట్టినప్పుడు కాదు. వీధి అరుగు, వసారా, ముందు గది, నడిమి గది, వంటిల్లు, దాని వెనక ఆకాశం కనిపించే వాకిలి. వాకిట్లో నుయ్యి, బట్టలుతికే బండ, ఓ కరివేపాకు చెట్టు. వీధి తలుపూ పెరటి తలుపూ ఎదురెదురు. మధ్యాహ్నం రెండూ తీసి పెడితే సముద్రం గాలి ఇంట్లోంచి నడిచి వెళ్ళేది. నువ్వు తెమ్మంటున్న వెలుతురు ఆ ఇంట్లో ఒకప్పుడు ఉంది. దాన్ని ఎలా మూసేశారో తెలిస్తేగానీ ఎక్కణ్ణుంచి తెరవాలో నీకు తెలీదు. అందుకని కొంచెం ఓపిగ్గా చదువు.

1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి ఊళ్ళో ఎవరి నోట విన్నా అద్దెల మాటే. ఓ వాటా కట్టి అద్దెకిస్తే ఆడపిల్లల పెళ్ళిళ్ళు గట్టెక్కుతాయని మీ తాతగారికి ఎవరో చెప్పారు. ఆయన గుమస్తా, చేతిలో డబ్బు లేదు, ఇంట్లో ఎదిగిన కూతుళ్ళం. వెనక వాకిలి మొత్తానికి శ్లాబు వేసేసి రెండు గదుల వాటా దించేశారు. మామ్మ ఎంత మొత్తుకుందో! "బురుజుపేట అమ్మవారే నెత్తిన కప్పు వద్దని ఆకాశం కింద కూర్చుంది, మీకు మన వాకిట్లో ఆకాశం బరువైందా?" అంది. కనకమహాలక్ష్మి గుళ్ళో గర్భగుడికి పైకప్పు ఉండదని నీకు తెలుసుగా. మార్గశిర గురువారాల్లో ఆ లైన్లో నిన్ను చంకనేసుకుని నిలబడింది నేనే. తాతగారు వినలేదు.

వినకపోవడం ఒక ఎత్తు, ఇసుక ఒక ఎత్తు. నది ఇసుక బండి ఖరీదు ఎక్కువని బీచి ఇసుక తోలించారు. అప్పట్లో చాలామంది అదే చేశారు, అడిగేవాడు లేడు. ఆ ఇసుకలో ఉప్పుంటుంది. ఉప్పు కాంక్రీటులో ఉన్న ఇనప ఊచని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి తన చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలదోస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. కింద నిలబడి తలెత్తి చూస్తే, ఊచ ఎటు వెళ్ళిందో అటే సన్నటి గోధుమరంగు చార. మరుసటేడు ఆ చార వెంబడే బీట. ఆ తర్వాత పెచ్చు. నేను పురిటికి వచ్చినప్పుడు ఒకసారి రాలిన పెచ్చు చేతిలోకి తీసుకుని చూశాను. లోపలివైపు తుప్పు పొరలు పొరలుగా అంటుకుని ఉంది, వేలితో గీస్తే పొడి రాలింది. మిగిలిన ఊచ నా చిటికెన వేలంత కూడా లేదు.

తాతగారు ప్రతిసారీ మేస్త్రీని పిలిచి సిమెంటు మెత్తించి, సున్నం కొట్టించేవారు. చూడ్డానికి కొత్తదిలా ఉండేది. ఓ రాత్రి అద్దెకున్నవాళ్ళ చంటిబిడ్డ ఉయ్యాలకి జానెడు దూరంలో పెచ్చు పడింది. ఆ పిల్ల కేరుమన్న కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. మర్నాడే వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ గదుల్లో ఆ తర్వాత పాత సామాన్లు తప్ప ఎవరూ ఉండలేదు.

తాతగారి మీద కోపం తెచ్చుకోకు. ఆ వాటా అద్దెతోనే నా పెళ్ళి అప్పు తీరింది. ఆ చీకటి గదులు లేకపోతే మీ మావయ్యా లేడు, నేను ఈ ఉత్తరం రాయడమూ లేదు.

కాబట్టి ముందుగదుల గోడల జోలికి అప్పుడే పోకు. వెనక శ్లాబు దించెయ్యి. "రిపేరు చేసి వాడుకుందాం, కెమికల్ ఉంది, పూత ఉంది" అని కాంట్రాక్టరు అంటాడు. కొన్ని శ్లాబులకి అది పనికొస్తుంది కూడా. ఉప్పు కాంక్రీటులోనే కలిసిపోయిన శ్లాబుకి పైన ఎన్ని పూతలు పూసినా లోపల తుప్పు ఆగదు. సగం వాకిలి ఆకాశానికి వదిలేసినా నడిమి గదిలో పగటిపూట లైటు వెయ్యక్కర్లేదు. గది తగ్గిపోతుందని మీ ఆయన లెక్కలు చెప్తాడేమో. చెప్పనీ.

ఇప్పుడు అసలు భయం. నుయ్యి.

ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే చూసినవాళ్ళలో మిగిలింది నేనూ మీ నాన్నా, మీ నాన్న అప్పటికి నిక్కర్ల కుర్రాడు. తాతగారు నూతిని పూడ్చలేదు. నూతిని పూడిస్తే వంశానికి మంచిది కాదని మామ్మ పట్టుబడితే, దాని మీద రాతి పలకలు పరిచి పైన గచ్చు చేయించేశారు. వాటాలో వంటగది అన్నారు చూడు, ఆ గది మధ్యలోంచి తూర్పు గోడ వైపు రెండడుగులు, అక్కడ ఉంది. ఆ పలకల కింద బోలు. శ్లాబు పగలగొట్టి ముక్కలు దాని మీద పడేసినా, డ్రిల్లు మిషను అక్కడ నిలబెట్టినా, మనిషితో సహా లోపలికి పోతుంది. పని మొదలయ్యే ముందే ఆ చోటు చుట్టూ సుద్దతో గీత గీసి, కర్రలు పాతి తాడు కట్టించు. పలకలు తీసిన రోజున ఎవర్నీ లోపలికి దిగనివ్వకు. ఇన్నేళ్ళు మూసి ఉన్న నూతిలో పీల్చే గాలి ఉండకపోవచ్చు, విషవాయువు ఉండొచ్చు. "నాకు అలవాటే అమ్మా" అని దిగబోయే కుర్రాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. వాణ్ణి చొక్కా పట్టుకుని ఆపు, కూలి ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినా మోటారు పెట్టి తోడించు. తర్వాత కప్పు మీద వాననీళ్ళు గొట్టంతో దాంట్లోకి దింపుకోవచ్చు, గట్టి ఇనుప జాలీ మూత, తాళం పెట్టించి. పిల్లలున్న ఇల్లు.

ఇక గోడలు. ముందు గదికీ నడిమి గదికీ మధ్య గోడే కదా నీ కంటికి అడ్డం. అది అడుగున్నర మందం రాతి గోడ, కొండరాయి, సున్నం. పైన దూలాల బరువంతా దాని మీదే ఆనింది. దాన్ని మేస్త్రీ మాట మీద తీయకు. కాంట్రాక్టరు మాట మీద అసలు తీయకు. స్ట్రక్చరల్ ఇంజనీరుకి డబ్బిచ్చి ఇంటికి పిలిపించు. వాకిలి తెరిచాక ఆ గోడ అంత అడ్డంగా అనిపించదని నా నమ్మకం. అయినా కావాలంటే మూడడుగుల గుమ్మాన్ని ఆరడుగులు చేసుకుని రెండు పక్కలా గోడ ఉంచుకో. అప్పుడైనా పైన ఇనుప బీము ఎంతది, పని జరిగినంతసేపు కప్పుకి జాకీలు ఎక్కడ పెట్టాలి అన్నది ఆయనే లెక్క కట్టాలి. మీ మావయ్య రైల్వేలో వర్క్స్ ఇన్‌స్పెక్టరు. రిటైరయ్యేదాకా ఒకటే అనేవారు, పాత గోడ పక్కన నిలబడి గోడని చూడకు, దాని మీద ఏముందో చూడు అని.

గోడలకి కిందివైపు తాతగారు వేయించిన సిమెంటు ప్లాస్టరు కూడా రాల్పించెయ్యి. సున్నం గోడ చెమ్మని పీల్చి వదులుతుంది. సిమెంటు వేస్తే వదిలే దారి మూసుకుపోయి చెమ్మ పైకి ఎక్కుతుంది, అందుకే నడుం ఎత్తు దాకా రంగు పొక్కిపోతుంది. రాల్పించి ఒక వేసవి ఆరనిచ్చి మళ్ళీ సున్నంతోనే మెత్తించు. సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రీలు ఇప్పుడు తక్కువ, విజయనగరం వైపు అడిగించు.

మంగుళూరు పెంకులు తీసి రేకులు వేస్తానని మాత్రం అనకు. పెంకు కప్పు ఆ ఇంటికి అందం, చల్లదనం. వాసాలు టేకువే, ఒక్కొక్కదాన్నీ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే చెదలున్నట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు చూరు కిందనుంచి గాలి దూరి ముందు వరస పెంకులు ఎలా లేచిపోయాయో నువ్వు హాస్టల్లో ఉండి చూడలేదు. మేం మంచం కింద కూర్చుని విన్నాం. పెంకు వెనక ముక్కుకి చిన్న కన్నం ఉంటుంది, చూరు దగ్గర వరసల్నీ అంచుల్నీ రాగి తీగతో పట్టీకి కట్టించు. ఇనప తీగ ఈ గాలికి నిలవదు. కప్పు తీసే పని సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి జూన్ వానలకి ముందే మూసెయ్యాలి. మొదలవడం ఆలస్యమైతే ఏడాది ఆగు, కొంప మునిగిపోదు.

వెలుతురు కోసం అద్దం పెంకులు వేసుకో, కానీ నాలుగైదు చాలు, ఉత్తరం వాలు మీద. ఈ ఊళ్ళో మే నెల రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఫోటోల్లో చూసి కప్పంతా గాజు పెట్టుకుంటే పిల్లలు పెనం మీద అట్టుల్లా మాడతారు. పడమటి కిటికీ చిన్నదిగానే ఉంచు. ఆ వైపు నుంచి ఎండతో పాటు రేవు నల్లదుమ్ము కూడా వస్తుంది, తెల్ల కర్టెన్లు కొనకు.

ఓపెన్ కిచెన్ అంటున్నావట. ఆదివారం కోనాం చేప వేయించి చూడు, తర్వాత మాట్లాడదాం. మీ ఇంట్లో వారానికి ఎన్ని రోజులు చేపలుంటాయో నాకు తెలీదా? కనీసం ఓ జారుడు తలుపు పెట్టించు.

కొత్త కాంక్రీటు ఎక్కడ వేసినా ఇసుక రాగానే ఓ చిటికెడు నాలిక మీద వేసుకో. నవ్వకు. తర్వాత ల్యాబ్‌కీ పంపు. శ్రీకాకుళం వైపు నది ఇసుకైతే మంచిది. కలపడానికి ఉప్పు బోరు నీళ్ళు వద్దు. ఊచకీ బయటికీ మధ్య కవర్ బ్లాకులు పెట్టించు. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి 45 మిల్లీమీటర్ల కవర్, అంటే ఊచ మీద అంత మందం కాంక్రీటు, ఉండాలని ఇంజనీర్ల కోడ్ చెప్తుంది, మేస్త్రీ 20తో కానిచ్చేస్తాడు. పోసే రోజు టేపు పట్టుకుని నువ్వే అక్కడుండు.

మిగతావి నీకు తెలిసినవే. గోడలూ శ్లాబూ మారుస్తున్నారు కాబట్టి వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసేవాళ్ళని ముందే అడిగి జీవీఎంసీ, అదే మన నగరపాలక సంస్థ, అనుమతి తీసుకోండి. పాత వైరింగు ఒక్క ముక్క కూడా ఉంచొద్దు, ఎర్తింగు కొత్తగా వేయించండి. కిటికీలకి ఇనప గ్రిల్లు వద్దు. కూలీల డబ్బు శనివారం సాయంత్రానికి ఇచ్చెయ్, కాంట్రాక్టరుకి మాత్రం పని కంటే ముందు డబ్బు ఇవ్వొద్దు. అనుకున్న బడ్జెట్టు మీద ఇంకో అయిదో వంతు విడిగా బ్యాంకులో పెట్టి, ఉందని మీ ఆయనకి కూడా చెప్పకు.

ఇంజనీరు వచ్చే రోజు నాకు ముందు చెప్పు. మోకాళ్ళ నొప్పులంటావు, ఆ ఇంటి మెట్లు నన్నేమీ చేయవు. నుయ్యి ఉన్న చోటు నేనే దగ్గరుండి చూపిస్తాను. ఫోన్లో "తూర్పు వైపు రెండడుగులు" అంటే నువ్వు ఎటు తిరిగి నిలబడతావో ఎవరికి తెలుసు. శ్లాబు దించే రోజులన్నీ పిల్లలిద్దర్నీ మా ఇంట్లో వదిలెయ్యి. మద్దిలపాలెం నుంచి స్కూలుకి దూరమని సాకులు చెప్పకు, మీ ఆయన్ని పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళమను. ఆ రోజుల్లో వాళ్ళని ఆ సందు మొదట్లో చూసినా నీతో మాట్లాడను.

ఉంటాను,
మీ అత్త