1, 11, 21, 1211 దగ్గర ఆగిపోతే సాఫ్ట్‌వేర్ వదిలేయాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక కోడింగ్ రౌండులో 1, 11, 21, 1211, 111221 అనే వరుస ఇచ్చి, ఎన్నో పదం అడిగితే అది చెప్పే ప్రోగ్రాం రాయమన్నారు. సూత్రం వెతకడంతోనే టైమంతా అయిపోయింది. నాకు లాజిక్ రాదేమో. టెస్టింగ్ వైపు వెళ్లిపోనా?

జవాబు: ఒక్క ప్రశ్న చూసి అంత దూరం పోకండి. లాజిక్ అంటే భయపడి టెస్టింగుకు వెళ్తే అక్కడా అదే ఎదురొస్తుంది.

ఈ వరుసకి కూడికలు, గుణకారాలు అక్కర్లేదు. ముందు పదాన్ని పైకి చదవండి చాలు. 11లో రెండు ఒకట్లు, కాబట్టి 21. 111221లో మూడు ఒకట్లు, రెండు రెండ్లు, ఒక ఒకటి, కాబట్టి 312211. చూడ్డానికి సంఖ్యే గానీ స్ట్రింగుగా, అంటే అక్షరాల వరుసగా, పట్టుకోవాలి. int అనే 32 బిట్ల పూర్ణసంఖ్య రకంలో పెట్టినవాళ్లకి ఎనిమిదో పదం, 1113213211, దాకా సాఫీగా నడుస్తుంది. తొమ్మిదో పదానికి 14 అంకెలు, 32 బిట్లు చాలవు. పదోదానికి 20 అంకెలు, జావా long లాంటి సైన్ ఉన్న 64 బిట్లూ చాలవు. ముప్పయ్యోదాని పొడవు 4,462 అంకెలు! అడిగినవాళ్లు చూసేది మీరు దీన్ని ముందే పసిగట్టారా అని.

కోడ్ చిన్నదే. ఎడమనుంచి నడుస్తూ, అదే అంకె వస్తే కౌంట్ పెంచండి. మారితే కౌంటునీ పాత అంకెనీ జవాబుకి అతికించి, కౌంట్ మళ్లీ 1 చేయండి. లూప్ ముగిశాక చివరి గుంపు చేతిలోనే మిగులుతుంది, దాన్నీ అతికించాలి. చాలామంది తప్పేది ఇక్కడే. జావా అయితే స్ట్రింగ్‌బిల్డర్ వాడండి, ప్లస్‌తో కలిపితే ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ తయారవుతుంది.

‘కౌంట్ 10 అయితే?’ అని అడగొచ్చు. 1తో మొదలైన వరుసలో 3ని మించిన అంకె రాదు. ఒకే అంకె నాలుగుసార్లు వరుసగా రావాలంటే పక్కపక్క గుంపులు రెండూ ఒకే అంకెవి కావాలి. అలాంటివి ముందే ఒక గుంపుగా కలిసిపోయి ఉంటాయి కదా. పొడవు మాత్రం పోనుపోను మెట్టుకి దాదాపు 1.3036 రెట్లు పెరుగుతుందని గణితవేత్త జాన్ కాన్వే తేల్చాడు. కాంప్లెక్సిటీ, అంటే పదం సంఖ్య పెరిగేకొద్దీ పని ఎంత పెరుగుతుందో, అడిగితే ఈ మాట పనికొస్తుంది.

తర్వాత రన్ లెంగ్త్ ఎన్‌కోడింగ్ రాయండి, అంటే వరుసగా వచ్చే ఒకే అక్షరాన్ని దాని కౌంటుతో కుదించి రాయడం. అదీ ఈ లూపే.

టెస్టింగ్ సంగతంటారా, ఈ ప్రోగ్రాంకే మొదటి పదం, సున్నా, చాలా పెద్ద సంఖ్య, అన్నీ ఒకే అంకె ఉన్న స్ట్రింగ్ ఇచ్చి విరగ్గొట్టడానికి చూడండి. కోడ్ రాయడం కన్నా అదే హుషారుగా అనిపిస్తే, అప్పుడు నిక్షేపంగా ఆ దారి పట్టండి.