‘కళ్లు కాయలు కాశాయి’ అంటే ఏడ్చేశాడు.. బొమ్మల పుస్తకాలతో నేర్పొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. నాలుగేళ్లప్పుడు ఆటిజం ఉందని చెప్పారు. స్పీచ్ థెరపీ తర్వాత మాటలు బాగానే వచ్చాయి, చిన్న చిన్న కథలు కూడబలుక్కుని చదువుతాడు. కానీ ఏ మాటనైనా ఉన్నదున్నట్టే తీసుకుంటాడు. వాళ్ల నానమ్మ ఫోన్లో ‘నీకోసం కళ్లు కాయలు కాశాయిరా’ అంటే, ఆమె కళ్లకేదో అయిందని ఏడ్చి గోల చేశాడు. ఎదుటివాళ్ల కోపం, బాధ కూడా సరిగా పోల్చుకోలేడు. బొమ్మల పుస్తకాలతో ఇవన్నీ నేర్పొచ్చని విన్నాను. నిజమేనా? ఎలాంటివి కొనాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నిజమేనమ్మా, పనికొస్తాయి. కాకపోతే పుస్తకం కొని చేతికిచ్చేస్తే సరిపోదు. పక్కన కూర్చుని, మీ ఇంటి సంగతులతో కలిపి చదివితేనే ఫలితం ఉంటుంది. ముందుగా ఒక్క మాట. ఆటిజం ఉన్న పిల్లలకు ఎదుటివాళ్ల బాధ పట్టదని ఎవరైనా అంటే నమ్మకండి. నానమ్మ కళ్లకేదో అయిందనుకున్నాడు కాబట్టే మీ బాబు అంతగా ఏడ్చాడు. ఆమె మీద ప్రేమకు కొదవ లేదు, మాట వెనకున్న అర్థమే అతనికి అందలేదు.

మనం మాట్లాడేటప్పుడు అర్థం మాటలోనే ఉండదు. గొంతులో, ముఖంలో, సందర్భంలో కూడా ఉంటుంది. అవన్నీ ఒకేసారి గమనించడం ఈ పిల్లల్లో చాలామందికి కష్టం. పైగా ముఖంలో భావం క్షణంలో మారిపోతుంది. బొమ్మ అలా మారదు. ఎంతసేపైనా చూడొచ్చు, పేజీ వెనక్కి తిప్పొచ్చు, రేపు తెరిచినా అదే ముఖం కనిపిస్తుంది. ఒకే పుస్తకాన్ని రోజూ చదవమంటే విసుక్కోకండి. అలా చదివించుకుంటూనే నేర్చుకుంటాడు.

భావోద్వేగాల కోసం చాలామంది నవ్వుముఖం, ఏడుపుముఖం ఉన్న కార్డులు కొంటారు. వాటితో పేర్లు వస్తాయి కానీ అంతకుమించి పెద్దగా రాదన్నది నా అభిప్రాయం. ఐస్‌క్రీమ్ కిందపడింది, అందుకే పాప ఏడుస్తోంది.. ఇలా కారణం, ఫలితం రెండూ కనిపించే కథ కావాలి. పేజీకి ఒకే సన్నివేశం, పెద్దగా కనిపించే ముఖం, వెనక గజిబిజి లేని బొమ్మ ఉన్న పుస్తకం ఎంచుకోండి. మీ బాబుకు బస్సులు గానీ, రైళ్లు గానీ ఇష్టమైతే వాటి కథలతోనే మొదలుపెట్టండి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే ఆలోచనతో వాహనాల బొమ్మలకు మనుషుల ముఖాలు అతికించి ఒక యానిమేషన్ తయారుచేయించారు. నాలుగు వారాల పాటు రోజూ చూసిన 4-7 ఏళ్ల పిల్లలు భావాలను మెరుగ్గా పోల్చుకున్నారని 2010లో ప్రచురించారు. తర్వాత వేరేచోట చేసిన పరిశీలనల్లో అన్నిటా అంత మంచి ఫలితం రాలేదు. కాబట్టి దేన్నీ మంత్రంలా అనుకోవద్దు.

చదివేటప్పుడు ‘ఈ పాప ఎలా ఉంది చెప్పు’ అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేయొద్దు. పరీక్షలా ఉంటే పుస్తకమంటేనే పారిపోతాడు. ‘కనుబొమలు ముడిచింది, పిడికిలి బిగించింది. తమ్ముడు బొమ్మ లాక్కున్నాడని కోపం వచ్చినట్టుంది’ అని మీరే చెప్పి ఆగండి. అతను మీ కళ్లలోకి చూడకపోయినా ఫర్వాలేదు, చూపు పేజీ మీద ఉంటే చాలు. తర్వాత శరీరం గురించి మాట్లాడండి. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి తమలో కలుగుతున్న భావం ఏమిటో గుర్తించి చెప్పడమే కష్టం. ‘భయమేస్తోందా?’ అంటే తెలియదు కానీ, ‘పొట్టలో గడబిడగా ఉందా, గుండె దడదడలాడుతోందా?’ అంటే చెప్పగలడు. సంతోషం, బాధ, కోపం, భయం.. ఈ నాలుగూ కుదిరాక చిరాకు, బెంగ, అలక, సిగ్గు వైపు వెళ్లండి.

ఇక జాతీయాల సంగతి. ఆటిజం ఉందా లేదా అన్నదానికంటే, పదాలూ వాక్యాలూ ఎంతబాగా అర్థమవుతున్నాయన్న దాని మీదే జాతీయాలు తెలియడం ఎక్కువగా ఆధారపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కథ విన్నాక ‘కుక్క ఎందుకు పరిగెత్తింది?’ అంటే చెప్పలేకపోతుంటే, ముందు ఆ పునాది మీద స్పీచ్ థెరపిస్టుతో కలిసి పనిచేయండి. చెప్పగలుగుతుంటే మాత్రం జాతీయాల పుస్తకం మీరే తయారుచేయండి. బజారులో దొరికే సామెతల పుస్తకాలతో పనిలేదు. మీ ఇంట్లో రోజూ వినిపించే మాటలే కావాలి.

ఒక పొడవాటి నోట్‌బుక్ తీసుకోండి. ‘కళ్లు కాయలు కాశాయి’తోనే మొదలుపెట్టొచ్చు. ఎడమ పేజీలో గుమ్మం దగ్గర కూర్చుని వీధివైపు చూస్తున్న నానమ్మ బొమ్మ వేయండి, లేదా ఆమె ఫొటో అంటించండి. పైన బుడగలో ఆమె అన్న మాట. కుడి పేజీలో ఆమె తలలోంచి వచ్చే మబ్బులాంటి బుడగలో మీ బాబు బొమ్మ. కింద రెండే వాక్యాలు: ‘నానమ్మ కళ్లు బాగానే ఉన్నాయి. నన్ను చూడాలని చాలా రోజులుగా ఎదురుచూస్తోంది.’ ఆ కింద అతను ఏమనొచ్చో కూడా రాయండి: ‘ఆదివారం వస్తాను నానమ్మా.’ కొన్ని పుస్తకాల్లో ఇలాంటి మాటకు కళ్లలోంచి కాయలు వేలాడుతున్నట్టు బొమ్మ వేసి నవ్విస్తారు. నవ్వే పిల్లలకు అది బాగా గుర్తుంటుంది. మీ బాబు ఇప్పటికే భయపడ్డాడు కాబట్టి ఆ బొమ్మ వద్దు.

అన్న మాటను, అనుకున్న మాటను వేర్వేరు బుడగల్లో చూపే ఈ పద్ధతి అమెరికాకు చెందిన కేరొల్ గ్రే అనే టీచర్ 1994లో ప్రచారంలోకి తెచ్చినది. అంతకుముందే 1991లో ఆమె ‘సోషల్ స్టోరీ’లను పరిచయం చేశారు. వాటిలో ‘ఇలా చెయ్యి, అలా చెయ్యొద్దు’ అనే ఆజ్ఞలు తక్కువగా, ఏం జరుగుతోందో ఎందుకు జరుగుతోందో చెప్పే వాక్యాలు ఎక్కువగా ఉంటాయి. మీ పుస్తకంలోనూ అలాగే రాయండి.

జాతీయాలని మనకే తట్టని మాటలు కూడా ఉంటాయి. చుట్టాలు ‘వెళ్లొస్తాం’ అని బయల్దేరితే, వస్తామన్నారుగా అని గేటు దగ్గరే నిలబడే పిల్లలున్నారు. ‘ఒక్క నిమిషం’ అంటే గడియారం చూసి, నిమిషం దాటగానే గొడవపెట్టే పిల్లలున్నారు. వీటికీ ఒక్కో పేజీ కేటాయించండి. ఒక మాట పూర్తిగా కుదిరాకే ఇంకోటి. ఆ మాట ఇంట్లో ఎవరో ఒకరు సహజంగా వాడినప్పుడు ‘ఇది మన పుస్తకంలో ఉంది కదా’ అని గుర్తుచేయండి. అలా చేయకపోతే నేర్చుకున్నది పేజీ మీదే మిగిలిపోతుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ‘కాళ్లు విరగ్గొడతా’, ‘చంపేస్తా’, ‘పోలీసులకు పట్టిస్తా’ వంటివి మన ఇళ్లలో నోటికొచ్చినట్టు అనేస్తుంటారు. ఉన్నదున్నట్టు అర్థం చేసుకునే పిల్లాడికి అవి నిజమైన బెదిరింపులు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, ఫలానా మనిషి దగ్గరికి వెళ్లనంటున్నా అలాంటి మాటేదో మనసులో ఉండిపోయిందేమో కనుక్కోండి. ఈ మాటలకు పుస్తకంలో పేజీ వేయొద్దు, ఇంట్లోనే మానేయండి. వెటకారం కూడా తగ్గించండి. అన్నీ బాబే నేర్చుకోవాలని లేదు. సూటిగా మాట్లాడటం పెద్దవాళ్లు కూడా అలవాటు చేసుకోవాలి.

పుస్తకాలకు ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ చిన్న పుస్తకాలు తక్కువ ధరకే అమ్ముతుంది. థెరపిస్టు అందుబాటులో లేకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మీ దగ్గర్లో ఎక్కడుందో కనుక్కుని అక్కడ అడగండి. వివరంగా పరీక్ష చేయించాలంటే సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. వచ్చిన మాటలు తగ్గిపోతున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా, మూర్ఛ వచ్చినా పుస్తకాలు పక్కనపెట్టి వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

నోట్‌బుక్‌లో నాలుగైదు పేజీలయ్యాక క్లాస్ టీచరుకు కూడా చూపించండి. ‘చెవులు రిక్కించి వినండి’ అనే బదులు ‘మాట్లాడకుండా వినండి’ అంటే మా వాడికి అర్థమవుతుందని చెప్పండి. చాలామంది టీచర్లు ఈపాటి సాయం ఆనందంగానే చేస్తారు.