మరుగుదొడ్డి కట్టినందుకు కాదు, అది పనిచేస్తున్నందుకు డబ్బు: ఇదెలా సాధ్యం?

మామూలుగా నిధులు ఖర్చును బట్టి వస్తాయి. కట్టారు, ఫొటో తీశారు, బిల్లు పెట్టారు, అయిపోయింది. పనితీరును బట్టి నిధులిచ్చే పద్ధతిలో, ఏ ఫలితం కావాలో ముందే రాసుకుంటారు. అది జరిగిందని తనిఖీలో తేలాకే చెల్లింపు.

మహారాష్ట్రలోని వాయి, సిన్నర్ పట్టణాలనే చూడండి. ట్యాంకు పొంగాక బండిని పిలవడం కాకుండా, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులను మూడేళ్లకోసారి వంతులవారీగా ఖాళీ చేసే పనిని ప్రైవేటు కాంట్రాక్టర్లకు అప్పగించారు. ఎన్ని ట్యాంకులు ఖాళీ చేసి, ఆ వ్యర్థాన్ని శుద్ధి కేంద్రానికి చేరిస్తే, అన్నింటికే డబ్బు. ఖర్చుకు పారిశుద్ధ్య పన్ను తోడవుతుంది కాబట్టి, బండి వచ్చిన రోజు పేద కుటుంబం పెద్ద మొత్తం వెతుక్కోనక్కర్లేదు. నా దృష్టిలో అసలు లాభం ఇదే.

కొలత తప్పుగా పెట్టుకుంటే మాత్రం పథకం బోల్తా పడుతుంది. ఆరుబయట మలవిసర్జన మానేసిన ఊళ్లకు కేంద్రం ఇచ్చిన నిర్మల్ గ్రామ్ పురస్కారం (2003లో మొదలైంది) కూడా ఫలితానికిచ్చే డబ్బే, కానీ ఒక్కసారే ఇచ్చేవారు. బహుమతి అందాక చాలా ఊళ్లు మళ్లీ ఆరుబయటికే వెళ్లాయి. అందుకే చెల్లింపు ఏళ్ల తరబడి విడతలుగా సాగాలి.

ఇంకో చిక్కు: ట్యాంకుకింత అని ఒకే రేటు పెడితే, బండి దూరని ఇరుకు సందులను కాంట్రాక్టర్ వదిలేస్తాడు. అలాంటి బస్తీలకు రేటు ఎక్కువ పెట్టాలి. చిన్న సంస్థలు ఫలితం తేలేదాకా చేతి డబ్బుతో నెట్టుకురాలేవు, వాళ్లకు కొంత అడ్వాన్స్ కూడా ఇవ్వాలి.