వి8 ఇంజన్లకు రెండు గొంతులు ఎందుకు?

ప్రశ్న: పాత రేసుల వీడియోలలో షెవర్లే కామరో గుర్రుమంటుంటే, లోటస్ 49 కీచుగా అరుస్తోంది. రెండూ వి8 ఇంజన్లే కదా, ఈ తేడా ఎందుకు? - ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: వి8 అంటే ఎనిమిది సిలిండర్లు రెండు వరుసలుగా, వి ఆకారంలో ఉన్న ఇంజన్. తేడా ప్రధానంగా క్రాంక్‌షాఫ్ట్‌లో, అంటే పిస్టన్ల పైకీ కిందికీ కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసులో ఉంది. లోటస్‌లోని కాస్‌వర్త్ డీఎఫ్‌వీ అనే ఇంజన్ క్రాంక్‌ను చివరి నుంచి చూస్తే, సైకిల్ పెడళ్ల మాదిరిగా పిస్టన్ల కడ్డీలు తగిలించే దాని పిన్నులన్నీ ఒకే గీతపై ఎదురెదురుగా కనిపిస్తాయి. కామరోలో అవి కూడిక గుర్తు ఆకారంలో ఉంటాయి. రెండింటిలోనూ క్రాంక్ తిరిగే ప్రతి 90 డిగ్రీలకు ఒక సిలిండర్ మండుతుంది. అయితే డీఎఫ్‌వీలో కుడి, ఎడమ వరుసలు వంతులవారీగా మండడం వల్ల ఒక్కో వైపు పొగగొట్టంలోకి 180 డిగ్రీలకొకసారి, తప్పకుండా ఒకే ఎడంతో వాయువు వస్తుంది. కామరోలో ఒక్కో వైపు ఆ ఎడం 90, 180, 270, 180 డిగ్రీలుగా మారుతుంటుంది; ఆ తడబాటే గుర్రుగా వినిపిస్తుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో పడవ ఇంజన్ల టకటక విన్న చెవికి ఈ తడబాటును పట్టుకోవడం కష్టమేమీ కాదు.

ఫోర్డ్ జీటీ40 అనే రేసు కారు కథ ఇంకా రంజుగా ఉంటుంది. క్రాంక్ కూడిక గుర్తుదే అయినా, రెండు వరుసల గొట్టాలను ఇంజన్‌పై అడ్డదిడ్డంగా పెనవేసి, సరైన జంటలను కలిపి, ప్రవాహాన్ని సమం చేశారు. ఆ అల్లికను పాముల మూట అని పిలిచేవారు. చూస్తే ఆ పేరు అతిశయోక్తి అనిపించదు.

డీఎఫ్‌వీ తరహా క్రాంక్ తేలికైనదే కాని, ఇంజన్ బాగా అదురుతుంది. అయినా 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రేసు డ్రైవర్ జిమ్ క్లార్క్ డీఎఫ్‌వీని దాని తొలి పోటీలోనే గెలిపించాడు.