గ్రాంటు వస్తుందని ముందే గుంతలు తవ్వించకండి

ప్రశ్న: మేం షార్లెట్‌లో ఉంటాం, ఇద్దరం అమెరికా సిటిజన్లం. నిరుడు నార్త్ కరోలినా కొండల్లో, మాడిసన్ కౌంటీలో 22 ఎకరాలు కొన్నాం. హై టన్నెల్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి) కూరగాయలు పండించాలని, కొన్ని మేకల్ని పెంచాలని ఉంది. వాగు పక్కన ఫెన్సింగ్ కూడా కావాలి. ఖర్చులో చాలా భాగం ఈక్విప్ (నేల, నీటి సంరక్షణ పనులకు రైతులకిచ్చే సాయం) కింద ప్రభుత్వం ఇస్తుందన్నారు. ఇంటి మీద హోమ్ ఈక్విటీ లైన్ తీసుకుని 60 వేల డాలర్లతో సోమవారం పని మొదలుపెట్టిస్తున్నాం. గ్రాంటు రాగానే అప్పు తీర్చేస్తాం. ఇంకేమైనా స్కీములున్నాయా? బ్యాంకులో 8 వేలున్నాయి.

జవాబు: ముందు కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి సోమవారం రావద్దని చెప్పండి. ఆ తర్వాతే మిగతాది చదవండి.

ఈక్విప్ ఒప్పందం మీద సంతకాలు కాకముందే మొదలైన పనికి పైసా రాదు. అంత తొందరగా మొదలుపెట్టక తప్పకపోతే, ముందుగానే ఈక్విప్‌ని నడిపే ఎన్.ఆర్.సి.ఎస్. ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. అప్లికేషన్ ఇచ్చేశాం కదా, మంజూరైపోయినట్టే అనుకుని ఫెన్సింగ్ స్తంభాలకు గుంతలు తవ్వించేసి, తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

మంజూరైనా డబ్బు వచ్చేది పని పూర్తయి, తమ ప్రమాణాల ప్రకారం ఉందని వాళ్లు సర్టిఫై చేశాకే. అదీ మీ బిల్లు చూసి కాదు, అడుగుకింత అని వాళ్లకున్న రేటు ప్రకారం. అప్లికేషన్లకు ర్యాంకింగ్ ఉంటుంది, అందరికీ రాదు. ఇదంతా తేలడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ 60 వేల మీద మారే వడ్డీ కడుతూ ఉండాలి, తాకట్టులో ఉన్నది పిల్లలతో మీరు ఉంటున్న ఇల్లు. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును నమ్ముకుని ఇల్లు తాకట్టు పెట్టడం నాకు ఏమాత్రం మింగుడుపడదు.

నన్ను ఇంకా భయపెట్టింది ఆ 8 వేలు. ఇద్దరిలో ఒకరికి లేఆఫ్ వస్తే అది ఎన్ని వారాలు వస్తుంది? మీరు కొన్నది కొండ భూమి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఆ ప్రాంతాన్ని ఏం చేసిందో మీకు నాకంటే బాగా తెలుసు. పొలానికి వెళ్లే సొంత దారి, దాని కింద కల్వర్టు కొట్టుకుపోతే బాగు చేయించుకోవాల్సింది మీరే. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నష్టానికి కవర్ ఉండదు, కొండచరియ విరిగిపడినా అంతే. అందుకని కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. పొలం కోసం వేరేగా ఇంకొంత నగదు ఉంచండి. ఈ రెండూ సమకూరేదాకా మేకల ఊసు వద్దు. 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి లోన్ తీసుకుని ఈ లోటు పూడుద్దామనే ఆలోచన వస్తే దాన్నీ ఇక్కడే ఆపేయండి. ఉద్యోగం పోతే ఆ బాకీ కూడా అప్పుడే మీద పడొచ్చు.

గ్రాంటు వద్దని నేను అనడం లేదు, తప్పకుండా అడగండి. కౌంటీ యు.ఎస్.డి.ఎ. (అమెరికా వ్యవసాయ శాఖ) సర్వీస్ సెంటర్‌కి భూమి డీడ్ కాపీ పట్టుకెళ్లి, ముందు అక్కడి ఎఫ్.ఎస్.ఎ. (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) దగ్గర ఫార్మ్ నంబరు తీసుకోండి, అది లేకుండా ఫైలు కదలదు. తర్వాత ఎన్.ఆర్.సి.ఎస్. వాళ్లను పొలం చూడటానికి రమ్మనండి. వ్యవసాయం మొదలుపెట్టి పదేళ్లు దాటనివాళ్లను బిగినింగ్ ఫార్మర్ కింద లెక్కిస్తారు. వాళ్లకు రేటు ఎక్కువ, పైగా సామాను కొనడానికి సగం డబ్బు ముందే అడగొచ్చు. ఆ అడ్వాన్సును 90 రోజుల్లో ఖర్చు పెట్టాలి. అప్లికేషన్ ఫారంలో ఆ గడి నింపడం మరిచిపోకండి.

మిగతావి: వాగు పక్క ఫెన్సింగ్‌కి సాయిల్ అండ్ వాటర్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో రాష్ట్ర కాస్ట్ షేర్ (ఖర్చులో కొంత రాష్ట్రం భరించే సాయం) గురించి కూడా అడగండి. ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గించే ప్రెజెంట్ యూజ్ వాల్యూకి కూరగాయలైతే 5 ఎకరాలు సాగులో ఉండాలి, ఆదాయం షరతు కూడా ఉంది. ఆ అర్హత పోతే గత మూడేళ్లలో తగ్గించిన పన్నును వడ్డీతో సహా కట్టమంటారు.

హోమ్ ఈక్విటీ లైన్ నుంచి ఇంకా డబ్బు తీయకపోతే అలాగే వదిలేయండి. కాంట్రాక్టర్ అడ్వాన్సు అడిగితే, ఒప్పందం మీద సంతకాలయ్యాక పిలుస్తామని చెప్పండి.